మా అన్నయ్య ఏ జిల్లా లెక్కలో ఉన్నాడు?

సంపాదకులకు నమస్కారం.

కరోనా కాలంలో దక్షిణాది రాష్ట్రాల మరణాల రేటు గురించి మొన్న ఆదివారం మీ పత్రికలో వచ్చిన కథనం, దాని పక్కన వేసిన పట్టిక రెండుసార్లు చదివాను. తెలంగాణ, ఆంధ్ర గట్టిగా తట్టుకున్నాయని, తమిళనాడు, కర్ణాటక అంతకంటే ఎక్కువ దెబ్బతిన్నాయని, కేరళ అందరికంటే ఎక్కువమందిని పోగొట్టుకుందని ఆ పట్టిక చూసిన ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అంకెలు తప్పని నేను అనను. ప్రభుత్వాలు ఇచ్చిన అంకెలే అవి. కానీ నేను ఆ పట్టికలో మా పెద్దన్నయ్య కోసం వెతికాను. ఏ గడిలో ఉన్నాడో తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. రైల్వే అకౌంట్స్‌లో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఏదో ఒక పని పెట్టుకుంటే మనసు కుదురుగా ఉంటుందని, తమిళనాడు ఆరోగ్యశాఖ రోజూ సాయంత్రం ఇచ్చే బులెటిన్ అంకెలను లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. కేసులు నీలం సిరా, చావులు ఎర్ర సిరా. రెండేళ్లలో అలాంటివి మూడు పుస్తకాలు నిండాయి.

ఆ బులెటిన్‌లో ఒక మంచి పద్ధతి ఉండేది. ఇవాళ ఇంతమంది పోయారని చెప్పి ఊరుకునేవాళ్లు కాదు. పోయిన ఒక్కొక్కరి గురించి విడిగా నాలుగు ముక్కలు రాసేవాళ్లు. వయసెంత, ఆడా మగా, ఏ జిల్లా, సుగర్, బీపీ లాంటివి ఉన్నాయా, ఆస్పత్రిలో ఎప్పుడు చేరారు, ఏ రోజు ప్రాణం పోయింది, అన్నీ ఉండేవి. పేరు తప్ప మనిషి మొత్తం కనబడేవాడు. చదువుతుంటే నాకు ఒక సంగతి తెలిసింది. ఇవాళ్టి బులెటిన్‌లో ఉన్న చావులన్నీ ఇవాళ జరిగినవి కావు. కొన్ని నిన్నటివి, కొన్ని మూడు రోజుల కిందటివి, కొన్ని పదిరోజుల పైమాటే. అప్పటి నుంచి ఎర్ర సిరాలో రెండు వరుసలు రాయడం మొదలుపెట్టాను. ఒకటి బులెటిన్‌లో వచ్చిన తేదీ, రెండోది ప్రాణం పోయిన తేదీ. అకౌంట్స్‌లో మాకు ఇది మొదటి పాఠం. ఖర్చయిన రోజు వేరు, వోచరు వచ్చిన రోజు వేరు. రెండూ కలిపేస్తే నెల చివర లెక్క కుదరదు.

ఆ తేడా ఎంత పెద్దదో 2020 జులై 22న అందరికీ కనబడింది. అంతకుముందు లెక్కలో చేరని 444 మరణాలను తమిళనాడు ప్రభుత్వం ఆ ఒక్కరోజే మొత్తంలో కలిపింది. అంతకు ముందు నెలలోనే, చెన్నై కార్పొరేషన్ మరణాల రిజిస్టరులో ఉన్న అంకె, రాష్ట్ర బులెటిన్‌లో ఉన్న అంకె ఒకటి కాదని బయటపడింది. ప్రభుత్వం కమిటీ వేసి రెండు లెక్కలనూ సరిచూసింది. ఆలస్యంగానైనా ఒప్పుకుని దిద్దుకున్నందుకు నేను సంతోషించాను. అయితే గ్రాఫు గీసేవాళ్లు ఆ 444నీ జులై 22 మీదే నిలబెట్టారు. చూసేవాళ్లకి ఆ రోజు చెన్నైలో ఉపద్రవం వచ్చినట్టు ఉంటుంది. నిజానికి ఆ చావులు అంతకు ముందు నెలల్లోనే ఇళ్లలో జరిగిపోయిన ఏడుపులు. బీహార్‌లో అయితే 2021 జూన్‌లో, 5,500 లోపు ఉన్న మొత్తం ఒక్కరోజులో 9,400 దాటింది. మర్నాడు దేశం మొత్తం మీద 6,148 మంది చనిపోయారని పేపర్లన్నీ రాశాయి. ఆ అంకె ఇప్పటికీ 'ఒకే రోజులో అత్యధికం' అని తిరుగుతూనే ఉంది.

ఇక మా పెద్దన్నయ్య సంగతి.

అన్నయ్యది నాయుడుపేట. పుట్టింది, చదివింది, ఎరువుల కొట్టు పెట్టింది అన్నీ అక్కడే. 2021 మే మొదటి వారంలో జ్వరం వచ్చింది. 5వ తేదీన పాజిటివ్ అని చెప్పారు. నెల్లూరులో ఎంత తిరిగినా ఆక్సిజన్ పడక దొరకలేదు. 11వ తేదీ తెల్లవారుజామున మా మేనల్లుడు అంబులెన్సులో చెన్నైకి తీసుకొచ్చాడు. మా వైపు వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే చెన్నై రైలెక్కడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. పుత్తూరు, నగరి వాళ్లూ అంతే.

ఆస్పత్రి కౌంటరులో చిరునామా అడిగారు. మేనల్లుడు నా చిరునామా ఇచ్చాడు. ఫోన్లు చేయాలంటే, మందులు తేవాలంటే లోకల్ అడ్రసు ఉంటే మేలని ఎవరో చెప్పారట. అప్పుడది ఎవరికీ తప్పు అనిపించలేదు. నాకూ అనిపించలేదు. 21వ తేదీన మళ్లీ పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. వదినకి ఫోన్ చేసి నేనే చెప్పాను, గండం గడిచిందని. 24వ తేదీ మధ్యాహ్నం అన్నయ్య వెళ్లిపోయాడు.

తమిళనాడులో గట్టి లాక్‌డౌన్ మొదలైన రోజు అది. ఊరికి తీసుకెళ్లే దారి లేదు. వదిన నాయుడుపేటలో ఉండిపోయింది. మేనల్లుడూ నేనూ శ్మశానం దగ్గర మూడు గంటలు వరుసలో నిలబడ్డాం. అక్కడ రిజిస్టరు రాసే పెద్దాయన నోటికి తువ్వాలు కట్టుకుని, చెమట కాగితం మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ రాస్తున్నాడు. పేరు, వయసు, తండ్రి పేరు అడిగాడు. ఆస్పత్రి కాగితం మీద చిరునామా చూసి పెరంబూరు అని రాసుకున్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూసి, "సొంద ఊరు ఎదుమ్మా?" అన్నాడు. నాయుడుపేట అన్నాను. అయ్యో అన్నట్టు తలూపాడు. కానీ ఆ మాట రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

మరణ ధ్రువపత్రం చేతికి వచ్చాక చూస్తే అందులో మాత్రం రెండు గడులున్నాయి. మరణించే నాటికి చిరునామా ఒకటి, శాశ్వత చిరునామా ఒకటి. రెండింటిలోనూ నా ఇంటి నంబరే ఉంది. అరవైయొక్క ఏళ్లు నాయుడుపేటలో బతికిన మనిషి పదమూడు రోజుల ఆస్పత్రి వాసంతో కాగితం మీద చెన్నై వాడైపోయాడు. ఆస్పత్రి డాక్టరు రాసిచ్చిన కాగితంలో మరణ కారణం దగ్గర గుండె, ఊపిరి ఆగిపోవడం అని ఉంది. చివరికి ఎవరికైనా ఆగేవి అవే. అది ప్రాణం పోయిన తీరే కానీ కారణం కాదు. కారణం దగ్గర ఇలాంటివి రాయొద్దని, వెనక ఉన్న అసలు జబ్బు రాయమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లోనే డాక్టర్లకు చెప్పింది. రోజుకు పదిమందికి అవే కాగితాలు రాస్తున్న ఆ డ్యూటీ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల కళ్లు నేను చూశాను.

ఆ రోజు నుంచి వారం పైగా ప్రతి సాయంత్రం బులెటిన్‌లో అన్నయ్య కోసం వెతికాను. అప్పుడు రోజుకు నాలుగు వందల పైన రాసేవాళ్లు. పేజీలు పేజీలు. "61 ఏళ్ల పురుషుడు" అని కనబడితే గుండె ఆగినంత పనయ్యేది. జిల్లా చూస్తే కోయంబత్తూరు, లేకపోతే చెంగల్పట్టు. తేదీ చూస్తే వేరు. జూన్ మొదటివారం దాకా చూశాను. అన్నయ్య రాలేదు. మేనల్లుడు ఆంధ్ర బులెటిన్‌లో నెల్లూరు అంకెలు చూసేవాడు. అందులో జిల్లాకి ఇంతమంది అని అంకె ఉంటుంది. అందులో మనవాడు ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది?

పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే, ఆస్పత్రి బయట పోయినా సరే, కరోనా మరణంగానే లెక్కించాలని 2021 సెప్టెంబరులో కేంద్రం, ఐసీఎంఆర్ కలిసి చెప్పాయి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం వచ్చింది. అన్నయ్య పోయింది 19వ రోజున. అయినా వదిన కాగితాలు పట్టుకుని వెళితే ఒక ఆఫీసులో చిరునామా చెన్నైది కదా, అక్కడ అడగండి అన్నారు. ఇక్కడ నేను వెళితే పాజిటివ్ రిపోర్టు ఆంధ్రది కదా అన్నారు. ఏడు నెలలు తిరిగాక డబ్బు సంగతి తేలింది. లెక్క సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మీ పట్టిక దగ్గరికి వస్తాను. అధికారిక లెక్క ప్రకారం కరోనాతో తెలంగాణలో సుమారు 4,100 మంది, ఆంధ్రలో 14,700, తమిళనాడులో 38,000, కర్ణాటకలో 40,000, కేరళలో 70,000 మంది పోయారు. 2011 జనాభాతో భాగిస్తే లక్షమందికి తెలంగాణలో సుమారు 12, ఆంధ్రలో 30, తమిళనాడులో 53, కర్ణాటకలో 66, కేరళలో 210. ఈ వరసలో పై చివరికీ కింది చివరికీ పదిహేడు రెట్లకు పైగా తేడా ఉంది. అదే వైరస్, అవే నెలలు, పక్కపక్క రాష్ట్రాలు. కేరళలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ, నిజమే. వయసు మళ్లినవాళ్లను ఈ జబ్బు ఎక్కువ తీసుకెళ్లింది, అదీ నిజమే. కానీ వయసు ఒక్కటే పదిహేడు రెట్లు తేడా తేలేదు. 30 రోజుల నిబంధన వచ్చాక కేరళ పాత చావులను వెతికి వెతికి రోజూ కొన్ని చొప్పున కలుపుకుంది. అక్కడ చావు రిజిస్టరు కాకుండా పోవడం అరుదు. కాబట్టి ఆ 210లో జబ్బు తీవ్రత ఎంతో, లెక్క నిజాయితీ ఎంతో విడదీయకుండా 'కేరళ ఎక్కువ నష్టపోయింది' అని రాస్తే, ఒప్పుకున్నవాడిని దోషిని చేసినట్టవుతుంది. మన తెలుగు రాష్ట్రాలు మెరుగని మురిసిపోవడం నాకు చేతకాదు. మా ఊళ్లో ఆ మే నెలలో మోగిన శవయాత్ర డప్పులు వదిన ఫోన్లోంచి విన్నాను.

భాగహారంలో కింద వేసే అంకె కూడా చిన్న విషయం కాదు. చెన్నైలో అధికారిక కరోనా మరణాలు సుమారు 9 వేలు. 2011 జనగణనలో చెన్నై జిల్లా జనాభా 46 లక్షల చిల్లర. అంబత్తూరు, మాధవరం లాంటివి కలిసి పెరిగిన కార్పొరేషన్ హద్దుల ప్రకారం చూస్తే 67 లక్షల దాకా ఉంటుంది. మొదటిదానితో భాగిస్తే లక్షకు 194 వస్తుంది, రెండోదానితో 134. ఏ మనిషీ కొత్తగా చావలేదు, ఏ మనిషీ బతికి రాలేదు, రేటు మాత్రం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కనుక ఇంకా ఆ పాత అంకెలతోనే నెట్టుకొస్తున్నాం. మా నాయుడుపేటైతే 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. ఒకే గీతగా గీసిన ఆ రెండు జిల్లాల ట్రెండు చూసి ఇక్కడ తగ్గింది, అక్కడ పెరిగింది అని ఎవరైనా అంటే నమ్మకండి.

వంద కేసులకు ఎన్ని చావులు అన్న రేటును కూడా మీ కథనం వాడింది. దాని గురించి ఎక్కువ రాయను. 2021 జూన్, జులైల్లో ఐసీఎంఆర్ దేశమంతా రక్తపరీక్షలు చేస్తే ఆరేళ్లు దాటినవాళ్లలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు (జబ్బు సోకినా, టీకా వేసుకున్నా రక్తంలో కనబడే గుర్తులు) కనబడ్డాయి. టీకా వేసుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారనుకున్నా, అప్పటికి నమోదైన కేసులు 3 కోట్ల పైచిలుకే. జబ్బు పడినవాళ్లలో ఎక్కువమంది కేసుల లెక్కలోకి రానే లేదు. పరీక్షలు ఎక్కువ చేసిన చోట ఆ రేటు దానంతట అదే తగ్గుతుంది.

అన్నిటికంటే నమ్మదగింది ఒకటుంది. కారణం పక్కన పెట్టి, ఆ నెలలో మొత్తం ఎంతమంది చనిపోయారు, మామూలు ఏళ్లలో అదే నెలలో ఎంతమంది చనిపోయేవారు అని చూడడం. ఇక్కడ డాక్టరు ఏం రాశాడన్నది అడ్డురాదు, నెగెటివ్ రిపోర్టు అడ్డురాదు. చెన్నై మీద అలాంటి అధ్యయనమే లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో 2022లో వచ్చింది. 2020 మార్చి నుంచి 2021 జూన్ ఆఖరు దాకా నగరంలో 87,870 మరణాలు నమోదయ్యాయి. మామూలుగా ఉండాల్సిన దానికంటే 25,990 ఎక్కువ. ఆ కాలానికి బులెటిన్‌లో చూపిన చెన్నై కరోనా మరణాలు ఈ అదనపు మరణాల్లో సుమారు మూడో వంతు. మిగతావన్నీ కరోనాయే అని కాదు. డయాలసిస్ దొరకక, గుండెనొప్పికి ఆస్పత్రికి పోలేక వెళ్లినవాళ్లూ అందులో ఉంటారు. వాళ్లనీ ఈ మహమ్మారి తీసుకెళ్లినట్టే కదా. చెన్నైలో చావులు దాదాపు అన్నీ రిజిస్టరవుతాయి కాబట్టి ఆ లెక్క కుదిరింది. రిజిస్ట్రేషన్ సరిగా లేని చోట ఇదే పద్ధతి తప్పుదారి పట్టించగలదు. నమోదు మెరుగుపడినా అంకె పెరుగుతుంది, చావులు పెరిగినా అంకె పెరుగుతుంది.

దేశం మొత్తం మీద 2019లో సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటీ 2 లక్షల మరణాలు నమోదయ్యాయి. ఈ 2021 అంకె మన చేతికి వచ్చింది ఎప్పుడు? 2025 మేలో. మా ఇంట్లో నాలుగు తద్దినాలు పూర్తయ్యాక. చావు కబురు చల్లగా చెప్పడం అంటే ఇదే. 2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో అదనంగా 47 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసినప్పుడు మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ రెండేళ్లకు అధికారిక లెక్క 4.8 లక్షలు. ఆ వాదనలో ఎవరు ఎంతవరకు సరి అన్నది తేల్చడానికి నా నోట్‌బుక్కులు చాలవు. కానీ ప్రతి నెలా, ప్రతి జిల్లా మరణాల రిజిస్టరు మొత్తాన్ని అప్పటికప్పుడు బయటపెట్టి ఉంటే అంత పెద్ద వాదన వచ్చేదే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో వారం వారం బయటపెట్టారు. మన దగ్గర 21 రోజుల్లోపు చావు నమోదు చేయాలని 1969 చట్టం కింది నిబంధనలే చెబుతున్నాయి. కంప్యూటర్లు వచ్చాయి, ఆన్‌లైన్‌లో ధ్రువపత్రాలు దిగుతున్నాయి. అంకెలు మాత్రం నాలుగేళ్లు అల్మరాలో ఎందుకుండాలి?

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు. అది సబబే. కానీ నమోదుకు నింపే ఫారంలో గణాంకాల భాగంలో, చనిపోయిన మనిషి నివాసం ఏ పట్టణం, ఏ గ్రామం అని ఒక గడి ఉంటుంది. ఆ గడి పెట్టింది సరిగ్గా మా అన్నయ్యలాంటి వాళ్ల కోసమే. దాన్ని నింపేటప్పుడు ఆస్పత్రి కౌంటరులో ఇచ్చిన ఫోన్ నంబరు పక్కన ఉన్న చిరునామా దించేయకుండా, "ఎక్కడ ఉండేవారు, ఎన్నేళ్ల నుంచి" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. శ్మశానంలో ఆ పెద్దాయన అడిగాడు. రాయడానికి ఆయనకి చోటు లేదు, చోటున్నవాళ్లు అడగలేదు. ఆ గడి ప్రకారం జిల్లాలవారీగా మళ్లీ లెక్క వేస్తే చెన్నై అంకె కొంత తగ్గుతుంది, నెల్లూరు, చిత్తూరు, తిరుపతి అంకెలు కొంత పెరుగుతాయి. బెంగళూరు, అనంతపురం మధ్య కూడా ఇదే కథ ఉంటుంది. ఎంతమంది అన్నది లెక్క వేసినప్పుడే తెలుస్తుంది. అది తెలియకపోతే మా నాయుడుపేటకి ఆక్సిజన్ పడకలు ఎన్ని కావాలో వచ్చేసారి కూడా ఎవరికీ తెలియదు. కాగితం మీద అక్కడ ఎవరూ చనిపోలేదు మరి.

మీ పత్రిక మళ్లీ ఇలాంటి పట్టిక వేసేటప్పుడు దాని కింద చిన్న అక్షరాలతోనైనా మూడు సంగతులు వేయండి. ఇవి చనిపోయిన తేదీ ప్రకారం వేసిన అంకెలా, ప్రకటించిన తేదీ ప్రకారమా? చనిపోయిన చోటు ప్రకారమా, నివాసం ప్రకారమా? ఏ ఏడాది జనాభాతో, ఏ హద్దులతో భాగించారు? ఈ మూడూ లేని పట్టికను మా ఆఫీసులో అయితే ఆడిటర్ వెనక్కి పంపేవాడు.

అన్నయ్య ధ్రువపత్రంలో శాశ్వత చిరునామా దిద్దమని నేను అర్జీ పెట్టుకున్నాను. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కొట్టు లైసెన్సు జిరాక్సులు జతచేశాను. ఇప్పుడు దిద్ది ఏం లాభం అని మేనల్లుడు అడిగాడు. వదిన మాత్రం, "పెట్టు వదినా, ఆయన మనూరి మనిషి" అంది.

ఆ కథనం రాసిన విలేఖరి పెరంబూరు వైపు వస్తే నా మూడు నోట్‌బుక్కులూ చూపిస్తాను. రెండో పుస్తకంలో 2021 మే, జూన్ పేజీలు. చనిపోయిన తేదీ ప్రకారం వేసిన ఎర్ర వరుసలో మే 24 దగ్గర, బులెటిన్‌లో లేని ఒక అంకె నేను కలిపాను. పక్కన నాయుడుపేట అని రాసి ఉంటుంది.

ఇట్లు,
రైల్వే అకౌంట్స్ విశ్రాంత ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై